చరిత్ర చెప్పాలా, చదవడం నేర్పాలా? పన్నెండో తరగతి సాహిత్యానికి రెండు ప్రణాళికలు

అమెరికా హైస్కూల్లో పన్నెండో తరగతి ఇంగ్లీషు, చాలామంది పిల్లలకు జీవితంలో చివరి సాహిత్యం క్లాసు. ఆ తర్వాత ఇంజనీరింగులోనో నర్సింగులోనో చేరినవాళ్ళకు, ఒక నవలను టీచర్ సాయంతో వాక్యం వాక్యం విప్పుకుని చదివే అవకాశం మళ్ళీ రాకపోవచ్చు. కాలేజీకే వెళ్ళనివాళ్ళకు అసలే రాదు. అందుకే ఆ ఒక్క ఏడాదిలో ఏ పుస్తకాలు పెట్టాలి, ఏ వరసలో పెట్టాలి, వాటితో పిల్లల చేత ఏం చేయించాలి అన్నవి సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నలేనని నా నమ్మకం. సాహిత్యం దేనికన్న ప్రశ్నకు టీచర్ ఇచ్చే జవాబు ఆ పుస్తకాల జాబితాలోనే ఉంటుంది.

ఇప్పుడు అమెరికా స్కూళ్ళలో ఈ ప్రశ్నకు ప్రధానంగా రెండు జవాబులు కనిపిస్తాయి. ఒకటి బ్రిటిష్ సాహిత్య సర్వే. పదకొండులో అమెరికన్ సాహిత్యం, పన్నెండులో బ్రిటిష్ సాహిత్యం అన్నది పాత ఆనవాయితీ. చేతిలో లావుపాటి సంకలనం ఉంటుంది. బేవుల్ఫ్‌తో మొదలుపెట్టి చాసర్, షేక్‌స్పియర్, మిల్టన్‌ల మీదుగా వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌ల దాకా వచ్చి, విక్టోరియా కాలం దాటి, బడి మూసేలోగా కాన్రాడ్‌నో ఆర్వెల్‌నో అందుకోవాలి. రెండోది కాలేజ్ బోర్డ్ నడిపే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ లిటరేచర్, పిల్లల మాటలో ఏ.పి. లిట్. 2019లో వచ్చిన దాని కోర్సు వివరణలో తొమ్మిది యూనిట్లు ఉన్నాయి: చిన్నకథ, కవిత్వం, పెద్ద కథనం లేదా నాటకం. ఈ మూడూ మూడు ఆవృత్తాలుగా, ప్రతిసారీ కొంచెం లోతు పెరుగుతూ వస్తాయి. ఫలానా పుస్తకమే చదవాలన్న నిర్బంధం లేదు. ఏ శతాబ్దం ముందన్న పట్టింపూ లేదు.

న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియాల్లోని తెలుగు ఇళ్ళల్లో ఈ రెంటి మధ్య ఎంపిక తరచు జీపీఏ లెక్కతో, కాలేజీ క్రెడిట్ల లెక్కతో తేలిపోతుంది. ఆ లెక్కలకు వాటి విలువ వాటికి ఉంది. అవి పక్కన పెట్టి చూస్తే, ఈ రెండు కోర్సులూ రెండు రకాల పాఠకులను తయారుచేస్తాయి. ఆ తేడా ఇంట్లో పెద్దలకూ తెలియాలి.

సర్వే పద్ధతి మనకు కొత్త కాదు. ఆరుద్ర 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాజవంశాల యుగాల వరసలోనే నడుస్తుంది. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళెవరైనా నన్నయ యుగం, తిక్కన యుగం, ప్రబంధ యుగం అన్న మెట్ల మీదుగానే పైకి వచ్చారు. ఈ పద్ధతి వెనక ఉన్న విశ్వాసం ఒకటే: ఏ కావ్యమూ ఒంటరిగా పుట్టదు, ముందు వచ్చినవాటికి జవాబుగా పుడుతుంది. ఏ.పి. లిట్‌ది వేరే వంశం. 1938లో క్లీంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ కలిసి 'అండర్‌స్టాండింగ్ పొయెట్రీ' అన్న పాఠ్యపుస్తకం తెచ్చారు. కవి జీవితాన్నీ కాలాన్నీ కాసేపు పక్కన పెట్టి పద్యాన్నే చూడమని, అందులో ఏ మాట ఏం పని చేస్తోందో అడగమని అది నేర్పింది. నవ్య విమర్శ అని మనం పిలుచుకునే ఈ ధోరణి అమెరికన్ కాలేజీ క్లాసుల్లో పాతుకుపోయిన 1950లలోనే, ఆ కాలేజీ స్థాయి చదువును హైస్కూలుకు తెచ్చే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కార్యక్రమం మొదలైంది. ఆ ముద్ర ఇప్పటి పరీక్షలోనూ చెరగలేదు.

సిద్ధాంతంగా చెప్తే రెండూ బాగానే ఉంటాయి. ఒకే పుస్తకాన్ని రెండు క్లాసుల్లోనూ పెట్టి చూస్తేనే తేడా బయటపడుతుంది. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' అందుకు సరిగ్గా సరిపోతుంది. 1818లో రచయిత్రి పేరు లేకుండా అచ్చయిన ఈ నవల రెండు కోర్సుల్లోనూ కనిపిస్తుంది.

సర్వే క్లాసు పిల్లలు దీని దగ్గరికి ఖాళీ చేతులతో రారు. మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' లోంచి కొన్ని భాగాలు, 1798 నాటి 'లిరికల్ బాలడ్స్' లోంచి కోల్‌రిడ్జ్ ముసలి నావికుడి కథ అప్పటికే చదివి ఉంటారు. అందుకే నవల మొదటి అచ్చు ముఖపత్రం మీద మిల్టన్ పంక్తులు ఎందుకున్నాయో వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. నన్ను చేయమని నిన్ను అడిగానా అని ఆదాము సృష్టికర్తను నిలదీసే ఘట్టం అది. మంచు సముద్రంలోకి బయల్దేరిన వాల్టన్ తన సోదరికి రాసిన ఉత్తరంలో ఆల్బట్రాస్ ఊసెత్తితే, విక్టర్ తాను చేసిన ప్రాణికి భయపడి వీధుల్లో తిరుగుతూ ముసలి నావికుణ్ణి తలుచుకుంటే, ఆ పిల్లలు ఆ స్వరాన్ని గుర్తుపడతారు. అన్నిటికన్నా పెద్ద ఘట్టం అడవిలోది. ఆ అనామక ప్రాణికి ఒక తోలుపెట్టె దొరుకుతుంది. అందులో మూడు పుస్తకాలు: ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రల్లో ఒక సంపుటం, గేటె 'వెర్థర్', మిల్టన్ 'పారడైజ్ లాస్ట్'. మిల్టన్ కావ్యాన్ని అది నిజంగా జరిగిన చరిత్ర అనుకుని చదువుతుంది. మొదట తనను ఆదాముతో పోల్చుకుంటుంది. తర్వాత, తనకు తోడెవరూ లేరని తెలిశాక, సైతానే తనకు దగ్గరనిపిస్తాడు. మిల్టన్‌ను రెండు నెలల ముందు చదివిన పిల్లకు ఈ పేజీలో తగిలే దెబ్బ, ఫుట్‌నోట్‌లో మిల్టన్ ఎవరో చదువుకున్న పిల్లకు తగలదు. ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని ఎలా గాయపరుస్తుందో, ఎలా ఓదారుస్తుందో సర్వే క్లాసు అనుభవంలోకి తెస్తుంది. అది దాని గొప్పతనం.

ఇప్పుడు అదే నవల ఏ.పి. క్లాసులో. ఇక్కడ మొదటి ప్రశ్న: ఈ కథ మనకు ఎవరు చెప్తున్నారు? ప్రాణి తన గోడు విక్టర్‌కు చెప్పింది. విక్టర్ దాన్ని తన కథలో కలిపి వాల్టన్‌కు చెప్పాడు. వాల్టన్ అదంతా రాసి సోదరికి పంపాడు. మూడు చేతులు మారి మన చేతికొచ్చింది. చివరి భాగంలో వాల్టన్ ఒక చిన్న మాట రాస్తాడు, సులువుగా దాటిపోయే మాట: తాను రాసుకున్న వివరాలను విక్టర్ అడిగి తీసుకుని చాలాచోట్ల దిద్దాడని, ముఖ్యంగా తన శత్రువుతో జరిపిన సంభాషణలకు జీవం పోశాడని. ఇది పట్టుకున్న పిల్లకు నవల మొత్తం కదిలిపోతుంది. మనల్ని కరిగించిన ఆ ప్రాణి వాగ్ధాటిలో ప్రాణిదెంత, విక్టర్ దిద్దిందెంత? పైగా ఆ వాగ్ధాటిని నమ్మవద్దని వాల్టన్‌ను హెచ్చరించింది కూడా విక్టరే. మాటలను ఇంత అనుమానంగా, ఇంత ప్రేమగా చదవడం జీవితాంతం పనికొచ్చే విద్య. యుగలక్షణాలు బోధించే క్లాసులో ఈ వాక్యం దగ్గర ఆగే వ్యవధి దొరకడం అరుదు.

ఒకే నవలలో ఒకరికి మిల్టన్ వినిపించాడు, ఇంకొకరికి విక్టర్ కలం కనిపించింది. రెండూ నవలలో ఉన్నవే. ఒక కోర్సు వినడం నేర్పి చూడటం మానేసింది. ఇంకోటి చూడటం నేర్పి వినడం మానేసింది.

ఇక కాలం సంగతి. చాలా రాష్ట్రాల్లో బడి ఏడాదికి దాదాపు 180 రోజులు. సర్వే పద్ధతికి ఇది వెయ్యేళ్ళకు పైబడిన సాహిత్యానికి ఇచ్చిన గడువు. 3,182 పాదాల బేవుల్ఫ్‌ను ముక్కలుగా చదివిస్తారు. కాంటర్‌బరీ కథలు ఇరవై నాలుగుంటే ఉపోద్ఘాతం, ఒకటి రెండు కథలు అవుతాయి. పాత ఇంగ్లీషు, చాసర్ ఇంగ్లీషు పిల్లలకు అర్థం కావు కాబట్టి అక్కడ చదివేవి ఎక్కువగా అనువాదాలే. వేగం ఎంత పెంచినా ఇరవయ్యో శతాబ్దం మే నెలలోకి జారుతుంది. సీనియర్ల మనసు అప్పటికే బడి దాటి వెళ్ళిపోయి ఉంటుంది. సర్వే తనకు అత్యంత దగ్గరైన కాలానికే అతి తక్కువ సమయం మిగుల్చుకుంటుంది.

ఏ.పి. లిట్‌కు కాలం మే మొదట్లో వచ్చే పరీక్ష చుట్టూ తిరుగుతుంది. 60 నిమిషాల్లో 55 ప్రశ్నలు, మార్కుల్లో వాటి వాటా 45 శాతం. మిగతా 55 శాతం రెండు గంటల్లో రాసే మూడు వ్యాసాలది: ఒకటి కవిత మీద, ఒకటి వచన భాగం మీద, ఒకటి విద్యార్థి ఎంచుకున్న నవలో నాటకమో ఆధారంగా చేసే వాదన. ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు: ప్రతిపాదనకు ఒకటి, ఆధారాలూ వ్యాఖ్యానానికి నాలుగు, ఆలోచన పరిణతికి ఒకటి. ఈ కొలతలో న్యాయం ఉంది. ఇంటి నుంచి పుస్తకాల సంస్కారం తెచ్చుకోని పిల్ల కూడా ఎదురుగా ఉన్న కవితను శ్రద్ధగా చదివితే నెగ్గవచ్చు. సర్వే క్లాసులో మార్కులు తెచ్చిపెట్టే కంఠస్థ జ్ఞానం ఇక్కడ అంతగా అక్కరలేదు. అయితే నలభై నిమిషాల్లో తేల్చవలసిన వ్యాసం కోసం ఏడాది పొడుగునా సాధన చేసే క్లాసులో ప్రతి కవితా ఒక సమస్యగా, ప్రతి నవలా మూడో వ్యాసానికి దాచుకునే సరుకుగా మారే ప్రమాదం ఉంది. మళ్ళీ చదవడం, సందేహించడం, వారం తర్వాత అభిప్రాయం మార్చుకోవడం ఆ గడియారంలో ఇమడవు.

రెండు ప్రణాళికలకూ గట్టి పరీక్ష కాన్రాడ్, అచెబెల దగ్గర వస్తుంది. కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' 1899లో పత్రికలో వచ్చింది, 1902లో పుస్తకంలోకి ఎక్కింది. నైజీరియన్ రచయిత అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' 1958లో వచ్చింది. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో అచెబె, కాన్రాడ్ జాత్యహంకారి అని సూటిగా అన్నాడు. ఆ నవల గొప్ప కళాఖండమన్న మాటనే ప్రశ్నించాడు. ఆఫ్రికాను, ఆఫ్రికా మనుషులను ఒక యూరోపియన్ మనసు కూలిపోవడానికి వేసిన తెరగా వాడుకున్నాడన్నది అతని అభియోగం.

ఈ రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చదివితే రెండింట్లోనూ ఒక్కో నివేదిక కనిపిస్తుంది. కాన్రాడ్ నవలలోని కర్ట్జ్, ఆటవిక ఆచారాల నిర్మూలన కోసం పనిచేసే ఒక అంతర్జాతీయ సంఘం కోరిక మీద పదిహేడు పేజీల నివేదిక రాస్తాడు. ఉదాత్తమైన మాటలు, ఉప్పొంగే వాక్యాలు. చివరి పేజీ అడుగున మాత్రం, తర్వాత ఎప్పుడో వణికే చేత్తో గీకిన ఒక్క పంక్తి: ఆ మనుషులందరినీ తుడిచిపెట్టమని. కథ చెప్పే మార్లో యూరపుకు తిరిగొచ్చాక ఆ కాగితాలను ఇతరుల చేతికి ఇచ్చేముందు ఆ పంక్తి ఉన్న ముక్కను చించేస్తాడు. అచెబె నవల చివర జిల్లా కమిషనర్ ఇంకో రాతకు సిద్ధపడుతుంటాడు. నైజర్ దిగువ ప్రాంతపు తెగలను శాంతింపజేయడం గురించి అతను పుస్తకం రాయబోతున్నాడు. పేరు కూడా ముందే ఖాయం చేసుకున్నాడు. ఉరిపోసుకున్న ఒకొంక్వో గురించి ఒక అధ్యాయం రాయవచ్చా అనుకుని, అక్కర్లేదు, ఒక పేరా చాలనుకుంటాడు. మనం నవల నిండా చదివిన మనిషి ఆ పుస్తకంలో ఒక పేరా. కాన్రాడ్ దగ్గర పాలకుల రాతలోంచి నిజం చెప్పిన ఒక్క పంక్తిని చించేస్తారు. అచెబె దగ్గర పాలితుల జీవితం మొత్తాన్ని ఒక పేరాకు కుదిస్తారు. సామ్రాజ్యం తన కథను ఎలా దిద్దుకుందో ఈ రెండు నివేదికలూ కలిసి చెప్తాయి, ఏ ఒక్కటీ విడిగా చెప్పలేదు. ఇలా చదివిన పిల్ల కాన్రాడ్‌ను అవతల పారేయదు, అచెబె అభియోగాన్నీ తోసిపుచ్చదు. రెంటినీ మోయడం నేర్చుకుంటుంది.

మరి ఈ జంటకు చోటెక్కడ? సర్వేలో కాన్రాడ్ బ్రిటిష్ రచయితగా లోపలికి వస్తాడు, అచెబె నైజీరియన్ కాబట్టి బయటే ఉండిపోతాడు. అతను నవల పేరును యేట్స్ కవితలోంచే తీసుకున్నా ఆ గుమ్మం తెరుచుకోదు. ఏ.పి.లో ఇద్దరికీ తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. కానీ మూడో వ్యాసం ఒక్క రచననే ఎంచుకోమంటుంది కాబట్టి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టమని ఆ పరీక్ష ఎప్పుడూ అడగదు. ఇంటర్నేషనల్ బకలారియేట్ వాళ్ళ సాహిత్యం కోర్సులో రెండో పేపరు రెండు రచనల తులనాత్మక వ్యాసమే. ఆ ఒక్క విషయంలో అది ఈ రెండు కోర్సులకన్నా ముందుంది.

ఇంతదాకా చరిత్రనూ రచననూ చూశాం. క్లాసులో మూడో పక్షం ఒకటుంది, పాఠకురాలు. బ్రూక్స్, వారెన్‌ల పుస్తకం వచ్చిన 1938లోనే లూయిజ్ రోజెన్‌బ్లాట్ 'లిటరేచర్ యాజ్ ఎక్స్‌ప్లొరేషన్' వచ్చింది. రచన అర్థం కాగితం మీద సిద్ధంగా ఉండదని, చదివే మనిషికీ రచనకూ మధ్య జరిగే సంఘటనలో పుడుతుందని ఆమె వాదించారు. సర్వేకూ ఏ.పి.కీ రెంటికీ ఇది కొరుకుడుపడని మాట. దీని బలం ఎంతో ఝుంపా లాహిరి 2003 నాటి నవల 'ది నేమ్‌సేక్'లో ఒక చిన్న ఘట్టం చూపిస్తుంది.

గోగోల్ గంగూలీ చదివే హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ నికొలాయ్ గోగోల్ 'ఓవర్‌కోట్' కథ పాఠం పెడతాడు. పద్ధతైన టీచర్ కాబట్టి ముందు రచయిత జీవితం చెప్తాడు: దిగులు, జబ్బు, తిండి మానేసి చనిపోవడం. పిల్లలందరికీ అది సమాచారం. తన పేరునే అసహ్యించుకునే ఆ ఒక్క పిల్లవాడికి మాత్రం ప్రతి మాటా శరీరానికి తగులుతుంది. అతను కథ చదవడానికే నిరాకరిస్తాడు. ఆ పేరు వెనక తండ్రి ప్రాణాలు నిలిచిన రైలు ప్రమాదం ఉందని, ఆ రాత్రి తండ్రి చేతిలో ఉన్నది ఆ కథల పుస్తకమేనని అతనికి అప్పటికి తెలియదు. టీచర్‌కు తెలిసే దారే లేదు. చరిత్ర చెప్పినా, శిల్పం చూపించినా ఆ కుర్రవాడికి ఆ రోజు ఆ కథ అందదు. తండ్రి పోయాక, నవల ఆఖర్లో, ఎవరూ చెప్పకుండానే అతను ఆ పుస్తకం తెరుస్తాడు.

నా తీర్పుకు ఆధారం ఇక్కడే దొరికింది. సీనియర్ ఇయర్ కోర్సు విలువ తేలేది బడి అయిపోయాక. పిల్లలు ఒంటరిగా ఒక పుస్తకం తెరిచిన రోజున వాళ్ళకు ఏం తోడుంటుంది? సర్వే వాళ్ళకు జ్ఞాపకాన్ని ఇస్తుంది, ఏ.పి. చూపును ఇస్తుంది. తన ప్రశ్నతో తాను పుస్తకాన్ని ఎంచుకునే అలవాటును రెండూ ఇవ్వడం లేదు. చదువరిగా మిగలడానికి ఆ అలవాటే అన్నిటికన్నా అవసరం.

అందుకని నేను కోరే ప్రణాళికలో యూనిట్ యుగమూ కాదు, నైపుణ్యమూ కాదు. ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పుస్తకాల జట్టే యూనిట్. సెప్టెంబరులో సీనియర్లు కాలేజీ దరఖాస్తుల కోసం తమ గురించి 650 పదాలకు మించకుండా వ్యాసం రాసుకుంటూ ఉంటారు. పేరు, ఇల్లు, తల్లిదండ్రులు, నేనెవరు అన్న ప్రశ్నలు అప్పుడే మండుతుంటాయి. కాబట్టి ఏడాదిని బేవుల్ఫ్‌తో కాకుండా 'ఓవర్‌కోట్', 'నేమ్‌సేక్'లతో మొదలుపెట్టాలి. చలికాలానికి హద్దు దాటిన మనుషుల వరస: 'మాక్‌బెత్', మిల్టన్ నుంచి ఎంచిన భాగాలు, ముసలి నావికుడు, ఆపైన 'ఫ్రాంకెన్‌స్టైన్'. ఈ వరసలో కాలక్రమం తప్పకూడదు, ఎందుకంటే తర్వాతి పుస్తకం ముందుదాన్ని చదివింది. వసంతంలో కాన్రాడ్, అచెబె, ఆ రెండు నివేదికలు. ఏడాది పొడుగునా వారానికి ఒక కవిత, పూర్తి కవిత, కవి పేరు ఆఖర్న చెప్పేలా. పరీక్ష రాసేవాళ్ళకు కావలసిన సాధన అందులోనే దొరుకుతుంది.

చివరి ఆరు వారాలు పిల్లలవి. నాలుగో జట్టును ఎవరికి వాళ్ళే కట్టుకోవాలి: తమకు నచ్చిన ఒక పుస్తకం, దానితో మాట్లాడుతుందని తాము నమ్మే ఇంకో పుస్తకం. రెండోది ఇంటి భాషలోది కావచ్చు. ఫ్రిస్కోలో చదివే తెలుగు పిల్ల కాన్రాడ్ పక్కన 'మాలపల్లి'ని పెట్టుకుంటానంటే, అమ్మమ్మ చేత చదివించుకుని వింటానంటే, టీచర్ సరేననాలి. ఆ రెంటినీ కలిపే ప్రశ్న ఏమిటో ఆ పిల్లే రాయాలి.

ఇందులో నష్టాలు ఉన్నాయి. చాసర్ పోతాడు, అది చిన్న నష్టం కాదు. విక్టోరియా కాలం కవులు దాదాపు కనిపించరు. ఇంగ్లండు సాహిత్యం మొత్తాన్ని ఒక గీతగా చూసే తృప్తి దక్కదు. ఆ గీతను కావాలనుకున్నవాళ్ళు తర్వాతైనా గీసుకోగలరు, దానికి పుస్తకాలున్నాయి. రెండు పుస్తకాలను ఎదురెదురుగా పెట్టి, రెంటికీ న్యాయం చేస్తూ, తన మాట తాను చెప్పడం మాత్రం పక్కన ఒక టీచర్, చుట్టూ పాతికమంది వాదించే తోటివాళ్ళు ఉన్నప్పుడే అలవడుతుంది. పన్నెండో తరగతి తర్వాత చాలామందికి అలాంటి గది దొరకదు. కాబట్టి ఆ గదిలో మాత్రమే జరగగలిగే పనికి ఆ ఏడాదిని కేటాయించాలి. ఏ పుస్తకం ఉంచాలి, ఏది వదలాలి అన్న ప్రతి తగవునూ సిలబస్ కమిటీలు ఈ ఒక్క గీటురాయి మీదే తేల్చుకోవాలి.